గంధకపు వాసనను వదిలించిన కథ

ఇంగువ కట్టిన గుడ్డ అని మన పెద్దలు ఒక మాట అంటూ ఉంటారు. ఇంగువ అయిపోయినా, గుడ్డను ఎన్నిసార్లు ఉతికినా, దానిలో వాసన మాత్రము నిలిచే ఉంటుంది. పూర్వవైభవము పోయినా దాని ఛాయ మిగిలిన కుటుంబాలను గురించి ఈ మాట వాడడము పరిపాటి. రసాయన శాస్త్రజ్ఞునికి మాత్రము ఇది అక్షరాలా నిజమైన సంగతి. ఇంగువలోని ఘాటుకు కారణము గంధకముతో కూడిన కర్బన పదార్థములు. వెల్లుల్లి, ఉల్లి, ముల్లంగి మొదలైన వాటి ఘాటు కూడా ఈ జాతిదే. గంధకపు వాసన ఒకసారి పట్టుకున్నదంటే తేలికగా వదలదు. గుడ్డనే కాదు, గాజుపాత్రను, చేతులను, జుట్టును, ఒక్కొక్కప్పుడు ఊరినే పట్టుకుంటుంది.

కర్బన రసాయనములను తయారుచేసేవారికి ఇది రెండు వందల ఏండ్ల నాటి తలనొప్పి. కావలసిన పదార్థము ఏదో ఒకటి తయారవుతుంది. దానితోపాటు గంధకపు పదార్థమొకటి అడగకుండానే పుట్టి మిశ్రమములో కూర్చుంటుంది. దానిని ఎట్లా వేరుచేయాలి? దాని వాసనను ఎట్లా అణచాలి? ఈ ప్రశ్నకు సమాధానము వెదుకుతూ పోయినవారు కొత్త మూలకచక్రాలను కనుగొన్నారు, ఎవరూ కొనని నూనెకు ధర తెచ్చారు, నిద్రమందు తయారుచేశారు. వారు నేర్చుకున్న పాఠములలో ముఖ్యమైనది ఒకటి ఉన్నది. వాసన పోవడము వేరు, గంధకము పోవడము వేరు. ఈ రెంటికీ గల భేదము తెలియకపోతే ఏమవుతుందో కూడా ఈ చరిత్రలోనే కనిపిస్తుంది.

వాసన ఎక్కడిది?

గంధకము అనే పేరులోనే గంధము ఉన్నది. కాని చిత్రమేమంటే, శుద్ధమైన పసుపుపచ్చని గంధకపు ముద్దకు చెప్పుకోదగిన వాసన లేదు. దానిని కాల్చినప్పుడు ఆమ్లజనితో కలిసి పుట్టే సల్ఫర్ డయాక్సైడు ముక్కును మండిస్తుంది. అదే గంధకము ఉదజనితో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడు అవుతుంది. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన అంటే ఇదే. ప్రయోగశాలలో కిప్ ఉపకరణము దగ్గర నిలబడిన విద్యార్థి ఎవరూ దానిని మరచిపోరు.

హైడ్రోజన్ సల్ఫైడు అణువులో ఒక గంధక పరమాణువు, రెండు ఉదజని పరమాణువులు ఉన్నవి. అందులో ఒక ఉదజనిని తీసి దాని స్థానములో కర్బన సమూహమును పెడితే మెర్కాప్టాను అనే పదార్థము వస్తుంది. నీటికి సారాయము ఎట్లాంటిదో, హైడ్రోజన్ సల్ఫైడుకు మెర్కాప్టాను అట్లాంటిది. సారాయములోని ఆమ్లజని స్థానములో గంధకము కూర్చుంటే చాలు, ఈథైల్ మెర్కాప్టాను సిద్ధము. ఒక్క పరమాణువు మారినందుకు వాసనలో ఎంత తేడా వచ్చినదో చెప్పడము కష్టము. వంద కోట్ల పాళ్ళ గాలిలో ఒక పాలు ఈథైల్ మెర్కాప్టాను ఉన్నా మనిషి ముక్కు పసికట్టగలదు. ఇంత సున్నితమైన తూనిక ఏ సామాన్య ప్రయోగశాలలోనూ ఉండదు.

కాబట్టి సమస్య స్పష్టమే. మిశ్రమములోని మెర్కాప్టానులో నూటికి తొంభైతొమ్మిది వంతులు తీసివేసినా ముక్కుకు తేడా తెలియదు. మిగిలిన ఆ ఒక్క వంతే గది అంతటికీ చాలును. అది పూర్తిగా పోవలె. లేదా పూర్తిగా మరొక రూపము పొందవలె.

పాదరసాన్ని పట్టేది

ఈ కథకు ఆదిపురుషుడు డెన్మార్కు దేశస్థుడైన విలియం క్రిస్టఫర్ జైసే. 1789లో ఒక మందుల తయారీదారుని ఇంట పుట్టి, కోపెన్‌హేగెనులో రసాయన శాస్త్ర ఆచార్యుడైనాడు. గంధకపు కర్బన పదార్థములంటే ఆయనకు ప్రత్యేకమైన మక్కువ. 1834లో ఆయన ఒక కొత్త ద్రవమును గురించి ప్రకటించాడు. సారాయమునుండి గంధకికామ్లము ద్వారా వచ్చే లవణమును హైడ్రోజన్ సల్ఫైడుతో సంతృప్తమైన బేరియం సల్ఫైడుతో కలిపి వేడిచేస్తే అది లభించినది. అదే ఈథైల్ మెర్కాప్టాను.

దాని వాసనకంటె ఎక్కువగా జైసేను ఆకర్షించిన గుణము మరొకటి ఉన్నది. ఈ ద్రవమును పాదరసపు ఆక్సైడుతో కలిపితే రెండూ ఉద్రేకముగా కలిసిపోయి తెల్లని స్ఫటిక పదార్థము ఏర్పడినది. పాదరసము మీద దానికి గల ఈ ఆకర్షణను బట్టి పాదరసాన్ని పట్టేది అనే అర్థము వచ్చే లాటిను మాటలను కుదించి ఆయన దానికి మెర్కాప్టాను అని పేరు పెట్టాడు. ఆ పేరు నేటికీ పరిశ్రమలలో వాడుకలో ఉన్నది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించాలి. మెర్కాప్టాను పాదరసాన్ని పట్టుకుంటుంది అంటే, పాదరసము మెర్కాప్టానును పట్టుకుంటుంది అని కూడా అర్థము గదా. లోహముతో బంధించబడిన మెర్కాప్టాను ఆవిరి కాదు. ఆవిరి కానిది ముక్కును చేరదు. జైసే ఆ పదార్థమును కనుగొన్ననాడే దానిని బంధించే సంకెలను కూడా చూపించాడన్నమాట. పాదరసమే కాక రాగి, సీసము, వెండి కూడా ఈ పని చేయగలవు. తరువాతి వందేండ్లలో వాసనను వదిలించే ఉపాయములలో సగము ఈ ఒక్క గుణము మీదనే నడిచినవి.

వాసన లేని దొంగ

గంధకము ఉన్నచోటెల్లా దుర్వాసన ఉంటుందని అనుకుంటే పొరబాటు. ఈ సంగతి 1882లో స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ఒక తరగతి గదిలో బయటపడినది. జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు విక్టర్ మేయరు అక్కడ పాఠము చెబుతూ బెంజీనును గుర్తించే పరీక్షను విద్యార్థులకు చూపించబోయాడు. బెంజీనులో ఇసాటిను అనే పదార్థమును, గాఢ గంధకికామ్లమును కలిపితే చక్కని నీలిరంగు రావలె. ఈ పరీక్షను బేయరు అనే మహాశాస్త్రజ్ఞుడు అంతకు మూడేండ్ల క్రితమే వర్ణించి ఉన్నాడు. కాని ఆనాడు రంగు రాలేదు.

పాఠము చెప్పేవారికి ఇటువంటి సందర్భము ఎంత ఇబ్బందికరమో ఉపాధ్యాయులందరకు అనుభవమే. చాలామంది సర్దిచెప్పి ముందుకు సాగిపోతారు. మేయరు అట్లా చేయలేదు. విచారించగా, మామూలుగా వాడే బెంజీను ఆనాడు అందుబాటులో లేక, ఆయన సహాయకుడు సాండ్‌మేయరు బెంజోయికామ్లమునుండి తయారుచేసిన శుద్ధమైన బెంజీనును తెచ్చి ఇచ్చాడని తెలిసినది. మామూలు బెంజీను బొగ్గుతారునుండి వచ్చేది. అయితే నీలిరంగు ఇచ్చేది బెంజీను కాదు, తారు బెంజీనులో దాగి ఉన్న మరొకటి!

మేయరు తారు బెంజీనును గంధకికామ్లముతో బాగా కుదిపాడు. దాగి ఉన్న పదార్థము బెంజీనుకంటె సులభముగా ఆమ్లముతో చర్య పొంది ఆమ్లపు పొరలోనికి దిగిపోయినది. పైన తేలిన బెంజీను ఇక నీలిరంగు ఇవ్వలేదు. ఆ ఆమ్లపు పొరనుండి ఆయన థయోఫీను అనే కొత్త పదార్థమును వేరుచేసి 1883లో ప్రకటించాడు. అందులో నాలుగు కర్బన పరమాణువులు, ఒక గంధక పరమాణువు చక్రముగా కూడి ఉన్నవి. బెంజీను 80 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరిగితే, థయోఫీను 84 డిగ్రీల వద్ద మరుగుతుంది. అందుచేతనే బట్టీపట్టి ఎన్నిసార్లు శుద్ధి చేసినా అది బెంజీనును అంటిపెట్టుకొనే ఉన్నది. వాసనలోనూ అది బెంజీనును పోలి ఉండడముచేత ఎవరికీ అనుమానము రాలేదు.

మెర్కాప్టాను కేకవేసి దొరికిపోయే దొంగ. థయోఫీను ఇంటిమనిషివలె మెలగే దొంగ. ముక్కు మొదటిదానిని పట్టగలదు కాని రెండవదానిని పట్టలేదు. వాసన లేదు కాబట్టి గంధకము లేదు అనే తర్కము ఎంత బలహీనమైనదో ఈ ఒక్క ఉదాహరణ చాటిచెబుతుంది.

ఎవరికీ పనికిరాని నూనె

ఇప్పుడు జూరిచ్ తరగతి గదిని వదలి అమెరికాలోని నూనెబావుల దగ్గరకు పోదాము. 1885లో ఒహాయో రాష్ట్రములోని లైమా అనే పట్టణములో సహజవాయువు కోసము బావి త్రవ్వగా నూనె పడినది. కొద్దికాలములోనే అక్కడ అపారమైన నిల్వలు ఉన్నట్లు తేలినది. కాని ఆ నూనెలో గంధకపు పదార్థములు మెండుగా ఉన్నవి. దానినుండి తీసిన కిరసనాయిలు దీపములో పోస్తే ఇల్లంతా కంపు కొట్టేది, వత్తి పెచ్చుకట్టేది, చిమ్నీ మసిబారేది. దుర్వాసన చిమ్మే స్కంకు అనే అడవిజంతువు పేరుతో జనము దానిని వెక్కిరించారు. దాని ధర పీపాకు 15 సెంట్ల ప్రాంతానికి పడిపోయినది. పక్కనున్న కెనడాలో, ఒంటారియో రాష్ట్రపు నూనెకు కూడా ఇదే దుర్గతి.

అక్కడి శుద్ధికారులు అప్పటికే ఒక ఉపాయము వాడుతున్నారు. సీసపు ఆక్సైడును కాష్టిక సోడా ద్రావణములో కరిగించి, దానితో నూనెను కుదిపి, కొంచెము గంధకపు పొడి చల్లేవారు. దీనికి వైద్యుని మందు అని ముద్దుపేరు వచ్చినది. కంపుకొట్టే నూనెకు పుల్లని నూనె అనీ, కంపు పోయినదానికి తీపి నూనె అనీ పేర్లు. ఈ మందు చేసే పని ఏమిటంటే, రెండేసి మెర్కాప్టాను అణువులలోని ఉదజనులను తొలగించి ఆ రెంటినీ గంధకము దగ్గర జతకలపడము. ఈ జంటపదార్థమును డైసల్ఫైడు అంటారు. ఇది బరువైనది, త్వరగా ఆవిరి కాదు, అందుచేత వాసన చాలావరకు అణగిపోతుంది.

కాని లెక్క వేసి చూడండి. నూనెలో గంధకము తగ్గినదా? లేదు. ఉన్న గంధకమంతా డైసల్ఫైడు రూపములో నూనెలోనే ఉన్నది. పైగా చల్లిన గంధకములో మిగిలినదేమైనా ఉంటే అదీ కలిసినది. ఈ నూనె సీసాలో తియ్యగా ఉంటుంది. దీపములో పోసి వెలిగించగానే గంధకమంతా సల్ఫర్ డయాక్సైడుగా మారి కండ్లు మండిస్తుంది.

ఈ తేడాను చక్కగా గ్రహించినవాడు హెర్మన్ ఫ్రాష్. 1851లో జర్మనీలోని వుర్టెంబర్గు ప్రాంతములో పుట్టి, 1868లో అమెరికా చేరాడు. ఆయన ఉపాయము సూటిగా ఉన్నది. నూనెను బట్టీ పట్టేటప్పుడు దానితో రాగి ఆక్సైడు పొడిని కలిపి కలియబెట్టాడు. ఆ వేడిలో రాగి గంధకాన్ని లాగివేసుకొని నల్లని రాగి సల్ఫైడుగా మారి అడుగున ఉండిపోయినది. పైకి వచ్చిన ఆవిరిని చల్లబరిస్తే మంచి కిరసనాయిలు లభించినది. జైసే చూపిన లోహబంధనమే ఇది. అయితే ఇక్కడ గంధకము వాసన మార్చుకోవడము కాదు, నిజముగానే నూనెను వదలిపోయినది. రాగి సల్ఫైడును గాలిలో కాల్చితే తిరిగి రాగి ఆక్సైడు వస్తుంది. దానిని మళ్ళీ వాడుకోవచ్చును. ఖరీదైన రాగి వృథా పోదు.

1880ల చివరకు స్టాండర్డ్ ఆయిల్ సంస్థ ఈ పద్ధతిని చేపట్టినది. లైమా నూనెను శుద్ధిచేయడానికి 1889లో ఇండియానా రాష్ట్రములోని వైటింగు వద్ద పెద్ద కర్మాగారము నిర్మించినది. ఎవరూ ముట్టని నూనె ఇంటింటి దీపములో వెలిగినది. దాని ధర పీపాకు ఇంచుమించు ఒక డాలరుకు పెరిగినదని ఫ్రాష్ తరువాత చెప్పుకున్నాడు. గంధకాన్ని తరిమివేసి పేరు తెచ్చుకున్న ఈ మనిషే 1894లో లూయీజియానాలో భూగర్భములోని గంధకాన్ని మిక్కిలి వేడినీటితో కరగించి పైకి తెచ్చాడు. ఒకచోట శత్రువైనది మరొకచోట సంపద అయినది.

అయితే రాగి సల్ఫైడును కాల్చినప్పుడు గంధకము ఎక్కడికి పోయినది? సల్ఫర్ డయాక్సైడుగా గాలిలోనికి. ఆ రోజులలో దానిని గురించి పట్టించుకున్నవారు తక్కువ. కిరసనాయిలు వాడే గృహిణి ఇంటిలోని పొగ కర్మాగారము చుట్టుపట్ల ఉన్నవారి ఇండ్లమీదికి మళ్ళినదన్నమాట.

ఫ్రైబుర్గులో ఒకనాడు

ఫ్రాష్ అమెరికాలో నూనెతో పోరాడుతున్న ఏండ్లలోనే జర్మనీలోని ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయములో యూజెన్ బౌమన్ గంధకపు కర్బన పదార్థములను పరిశోధిస్తున్నాడు. ఆయన 1886లో ఈథైల్ మెర్కాప్టానును ఎసిటోనుతో కలిపి, వచ్చిన పదార్థమును పొటాసియం పర్మాంగనేటుతో ఆక్సీకరణము చేశాడు. గంధక పరమాణువు ఒక్కొక్కటి రెండేసి ఆమ్లజని పరమాణువులను తగిలించుకున్నది. భరించలేని కంపు మాయమై, తెల్లని, వాసన లేని స్ఫటికములు మిగిలినవి. ఆ పదార్థమే సల్ఫోనాల్. దానికి నిద్ర పుట్టించే గుణమున్నట్లు ఆల్ఫ్రెడ్ కాస్టు అనే వైద్యుడు 1888లో వెల్లడించగా అది కొంతకాలము ప్రసిద్ధమైన మందుగా చెలామణి అయినది. అయితే దానిని వాడినవారిలో కొందరికి మూత్రము ముదురు ఎరుపై, ప్రాణాపాయము కూడా కలుగుతున్నట్లు మరుసటి ఏడే వైద్యులు గమనించారు. వాసన పోయినంతమాత్రాన పదార్థము సాధువైపోదు.

ఆ 1889లోనే బౌమన్, ఆయన సహచరుడు ఫ్రోము కలిసి ఎసిటోనులోని ఆమ్లజనికి బదులు గంధకమును ప్రవేశపెట్టే ప్రయత్నము చేశారు. మూడు అణువులు కలిసి చక్రముగా ఏర్పడిన పదార్థము లభించినది. ఆ మిశ్రమమును బట్టీ పట్టబోగా పుట్టిన వాసన ప్రయోగశాల దాటి వీధులలోనికి వ్యాపించినది. ముప్పాతిక కిలోమీటరు దూరములో ఉన్నవారికి కూడా వాంతులు అయినవి, కొందరు మూర్ఛపోయారు, జనము భయపడి ఇండ్లు వదలి పరుగెత్తారు. పరిశోధకులు ఆ పని అంతటితో విరమించవలసి వచ్చినది. ఆ చక్రము వేడికి విరిగి పుట్టే థయోఎసిటోను అనే పదార్థమే దీనికి కారణమని భావిస్తారు.

దాదాపు ఎనభై ఏండ్ల తరువాత, 1967లో, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు దగ్గర ఒక నూనె సంస్థ పరిశోధనాలయములో మళ్ళీ ఈ పదార్థముతో పనిపడినది. ఒక సీసా బిరడా ఎగిరిపోగా, రెండు వందల గజాల అవతలి భవనములో ఉన్నవారికి వికారము పుట్టినది. వాసనకు అలవాటుపడిన పరిశోధకులకు మాత్రము తమ ఒంటిమీద ఏమున్నదో తెలియలేదు. వారు భోజనశాలకు వెళ్ళితే పనిమనిషి వచ్చి వారి చుట్టూ సువాసన ద్రవము చల్లినదట! చివరకు వారు ఉపకరణముల అతుకుల వద్ద క్షారముతో కూడిన పర్మాంగనేటు ద్రావణమును కాపలాగా ఉంచారు; మిగిలిన పదార్థమును మండే కట్టెల నిప్పు నడుమకు కొద్దికొద్దిగా వదలి నాశనము చేశారు. సల్ఫోనాల్ తయారీలో బౌమన్ వాడిన పర్మాంగనేటే ఇక్కడ కావలివాడైనది. అయితే ఫ్రైబుర్గులో వాసన ఒక్కసారి గాలిలో కలిసిన తరువాత పర్మాంగనేటు సీసా చేతిలో ఉన్నా లాభము లేకపోయేది. ఆవిరిని పాత్ర నోటివద్దనే పట్టుకోవలె.

మూడు త్రోవలు

ఇంతవరకు చెప్పినదానిని కూర్చి చూస్తే గంధకమును ఎదుర్కొనే త్రోవలు మూడు అని తేలుతుంది. మొదటిది బంధించడము: లోహముతోగాని క్షారముతోగాని కట్టివేయడము. మెర్కాప్టానులకు కొంచెము ఆమ్లగుణము ఉన్నది కాబట్టి కాష్టిక సోడా ద్రావణముతో కుదిపితే అవి చాలావరకు నీటిపొరలోనికి దిగివస్తవి. రెండవది ఆక్సీకరణము: పర్మాంగనేటుతోగాని బ్లీచింగ్ పౌడరు ద్రావణము వంటి వాటితోగాని ఆమ్లజనిని తగిలించడము. మూడవది గంధకమును అణువునుండి పెరికివేసి దాని స్థానములో ఉదజనిని నిలపడము.

ఈ మూడవ త్రోవ ఇరవయ్యవ శతాబ్దిలో బాగుపడినది. అమెరికాకు చెందిన మరే రేనీ 1920లలో నికెలు, అల్యూమినియము కలిసిన లోహమునుండి అల్యూమినియమును క్షారముతో కరగించివేసి, స్పంజివలె రంధ్రములతో నిండిన నికెలును తయారుచేశాడు. దాని నిండా ఉదజని ఉంటుంది. 1943లో మొజింగో మొదలైనవారు ఈ నికెలుతో వేడిచేసినప్పుడు గంధకపు కర్బన పదార్థములనుండి గంధకము ఊడిపోయి, ఆ స్థానములో ఉదజని చేరుతుందని చూపించారు. గంధకము నికెలుకు అంటుకొనిపోతుంది. అణువుల నిర్మాణమును నిర్ణయించడములో ఈ చర్య ఎంతో ఉపకరించినది. అయితే ఆరిన రేనీ నికెలు గాలి తగిలితే తనంత తానే అంటుకుంటుంది. దుర్వాసనను వదిలించబోయి నిప్పును తెచ్చుకోకూడదు.

నూనె పరిశ్రమ కూడా ఈ దారులలోనే ముందుకు సాగినది. సీసపు మందుకు బదులుగా 1958లో మెరాక్స్ అనే పద్ధతి వచ్చినది. ఇందులో క్షారము, గాలి, కోబాల్టుతో కూడిన ఒక ఉత్ప్రేరకము మెర్కాప్టానులను డైసల్ఫైడులుగా మారుస్తవి. విషమైన సీసముతో పనిలేదు. తేలికైన వాయువుల విషయములో మెర్కాప్టానును ముందు క్షారములోనికి దింపి, తరువాత మార్చుతారు కాబట్టి గంధకము నిజముగానే వేరవుతుంది. బరువైన నూనెలకు మాత్రము పాత సంగతే: వాసన పోతుంది, గంధకము ఉంటుంది.

దీనిని కూడా తొలగించడానికి నూనెను మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో, అధిక పీడనములో, కోబాల్టు, మాలిబ్డినము కలిసిన ఉత్ప్రేరకము మీదుగా ఉదజనితో పంపుతారు. గంధకమంతా హైడ్రోజన్ సల్ఫైడుగా బయటపడుతుంది. దానిని గాలిలోనికి వదలరు. 1883లో క్లాస్ అనే రసాయనజ్ఞుడు పేటెంటు పొందిన పద్ధతినుండి పెరిగిన ప్రక్రియ ద్వారా దానిని తిరిగి పసుపుపచ్చని గంధకముగా మారుస్తారు. ఆ గంధకము గంధకికామ్లముగాను, ఎరువులుగాను మన పొలాలకు చేరుతుంది. 1957లో విశాఖపట్నములో ప్రారంభమైన నూనెశుద్ధి కర్మాగారముతో సహా మన దేశములోని కర్మాగారములన్నీ ఈ మార్గము పట్టవలసి వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా పెట్రోలు, డీజిలులలో గంధకము పది లక్షల పాళ్ళలో పది పాళ్ళకు మించరాదని నియమము వచ్చినది. అంతకు ముందటి పరిమితి యాభై. ఇక్కడ ముక్కుతో పరీక్ష లేదు. గంధకమును గంధకముగానే లెక్కిస్తారు. ఫ్రాష్ నాటి గృహిణి, కర్మాగారపు పొరుగువాడు ఇద్దరూ ఈ లెక్కలో చేరినారు.

ప్రయోగశాలలో

ప్రయోగశాలలో సమస్య చిన్నదైనా గుణము ఒక్కటే. ఒక ఉదాహరణ. 1978లో అమెరికాలో డేనియల్ స్వెర్ను, ఆయన సహచరులు ఆల్కహాలులను మృదువుగా ఆక్సీకరణము చేసే పద్ధతిని ప్రకటించారు. అది ఎంతో ప్రచారమైనది. కాని ప్రతిసారీ డైమిథైల్ సల్ఫైడు అనే కంపుకొట్టే ద్రవము ఉపఫలముగా పుడుతుంది. అది 37 డిగ్రీల వద్దనే మరుగుతుంది. అంటే మన వేసవి మధ్యాహ్నపు ఎండకే మరిగిపోతుందన్నమాట. కాబట్టి గాలిని బయటికి లాగే బీరువాలో పనిచేస్తూ, వెలువడే ఆవిరిని ముందుగా బ్లీచింగు ద్రావణము గుండా పోనిస్తారు. వాడిన పాత్రలను కూడా అందులోనే నానబెడతారు. గంధకము ఆమ్లజనిని అందుకొని వాసన లేని పదార్థముగా మారి నీటిలో ఉండిపోతుంది. ఈ ద్రావణములో పొరబాటున ఆమ్లము పడితే మాత్రము విషవాయువైన క్లోరిను పుడుతుంది. ఒక వాసనను పోగొట్టబోయి అంతకంటె చెడ్డదానిని పిలిచినట్లవుతుంది.

ఈ శతాబ్ది తొలి ఏండ్లలో జపాను రసాయనజ్ఞులు మరింత తెలివైన దారి చూపారు. పన్నెండు కర్బనముల పొడవైన గొలుసు గల గంధకపు పదార్థములు సులభముగా ఆవిరి కావు, కాబట్టి ముక్కుకు అందవు. చిన్న అణువులకు బదులు వీటిని వాడితే కంపే పుట్టదు. పుట్టినదానిని అణచడముకంటె పుట్టకుండా చూడడము మేలు గదా.

పాఠశాలలలో, కళాశాలలలో హైడ్రోజన్ సల్ఫైడుతో పనిచేసేవారు ఒక్క సంగతి ఎన్నటికీ మరువరాదు. కొద్దిగా ఉన్నప్పుడు దాని వాసన తీవ్రముగా తెలుస్తుంది. పది లక్షల పాళ్ళ గాలిలో సుమారు వంద పాళ్ళు చేరేసరికి ముక్కులోని వాసన నాడి మొద్దుబారిపోతుంది. హమ్మయ్య, కంపు తగ్గినది అని మనిషి అనుకునే సమయమే అత్యంత ప్రమాదకరమైన సమయము కావచ్చును. సీసపు ఎసిటేటులో ముంచిన కాగితము అట్లా మోసపోదు. హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నంతవరకు నల్లబడుతూనే ఉంటుంది. కాబట్టి పరీక్షకు కాగితమును నమ్మవలె, ముక్కును కాదు.

మళ్ళీ తెచ్చుకున్న వాసన

ఈ చరిత్రలో విషాదకరమైన ఘట్టము ఒకటి ఉన్నది. అది ఒక పాఠశాలకు సంబంధించినది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో న్యూ లండన్ అనే ఊరి బడిని వెచ్చబరచడానికి నూనెబావులనుండి వచ్చే సహజవాయువును వాడుతుండేవారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అది గొట్టమునుండి కారి భవనము క్రింది ఖాళీలో నిండుతున్నా ఎవరూ పసికట్టలేకపోయారు. 1937 మార్చి 18 మధ్యాహ్నము, బడి విడిచే వేళ దగ్గరపడుతుండగా, పనిముట్ల గదిలో ఒక ఉపాధ్యాయుడు విద్యుత్ యంత్రమును మీట వేయగానే నిప్పురవ్వ పుట్టి భవనమంతా ప్రేలిపోయినది. ఇంచుమించు మూడు వందల మంది, అందులో అత్యధికులు పిల్లలు, మరణించారు.

ఆ దుర్ఘటన తరువాత ఇండ్లకు పోయే వాయువులో దుర్వాసన గల పదార్థమును కలిపి తీరవలెనని టెక్సాసులో శాసనము వచ్చినది. ఈ ఆచారము క్రమముగా ఎల్లెడలా వ్యాపించినది. నేడు మన వంటింటి సిలిండరులోని వాయువుకు సహజముగా చెప్పుకోదగిన వాసన లేదు. శుద్ధి కర్మాగారములో దానిలోని గంధకపు పదార్థములను ముందు జాగ్రత్తగా తొలగిస్తారు. లేకపోతే అవి గొట్టములను, మూతలను తినివేస్తవి. ఆ తరువాత తూచినట్లు అతిస్వల్పముగా ఈథైల్ మెర్కాప్టానును కలుపుతారు. 1834లో జైసే కోపెన్‌హేగెనులో తయారుచేసిన పదార్థమే అది. అదుపులేని వాసనను తరిమివేసి, అదుపులో ఉన్న వాసనను కాపలా పెట్టుకున్నామన్నమాట. ఆ వాసన తగిలితే దీపపు మీట ముట్టవద్దు, అగ్గిపుల్ల గీయవద్దు. సిలిండరు మూసి, తలుపులు కిటికీలు తెరవండి అని ప్రతి ఉపాధ్యాయుడు తన తరగతిలో ఒక్కసారైనా చెప్పడము మంచిది.

గంధక పరమాణువు నశించేది కాదు. దాని జతగాడిని మార్చగలము. లోహముతో కట్టవచ్చును, ఆమ్లజనితో కప్పవచ్చును, తిరిగి పసుపు ముద్దగా చేయవచ్చును. కాబట్టి ఏ ప్రయోగములోనైనా కంపు మాయమైనప్పుడు విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటే: గంధకము ఇప్పుడు ఎక్కడ ఉన్నది? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగితేనే పని ముగిసినట్లు. ఇంగువ కట్టిన గుడ్డలో వాసన తగ్గినదని సంతోషించేముందు, ఉతికిన నీళ్ళు ఎటు పోయినవో కూడా చూడాలి గదా.